ఎడంకాలి మాట

విజయనగరం కంటోన్మెంటులో పైడిరాజు అనే కుర్రవాడు ఉండేవాడు; తెలివైనవాడే గానీ, ఎవరేం చెప్పినా సగం విని, మిగతా సగం తనే అల్లుకుని పరుగెత్తే జబ్బు వాడికి ఉండేది. ఇలాంటివాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు. పేర్లు రాయను. వాళ్ళకే తెలుసు.

ఒకసారి వాళ్ళమ్మ వాణ్ణి పిలిచి, "మీ కొత్తవలస మావయ్యకి ఫోన్ చేసి ఆదివారం భోజనానికి రమ్మనరా. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం" అంది. "రమ్మనరా" అన్నచోటే వాడు ఫోను పట్టుకుని పెరట్లోకి పోయాడు. ఇంకేముంది! ఆ ఆదివారమే మావయ్య, అత్త, వాళ్ళ పిల్లలు, వాళ్ళింటికి వచ్చిన చుట్టాలు అందరూ ఆటో దిగారు. ఇంట్లో చూస్తే రాత్రి మిగిలిన చారు తప్ప ఏమీ లేదు. వాళ్ళమ్మ నవ్వుముఖంతో అందరినీ లోపలికి పిలిచింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. "నువ్వేగా రమ్మన్నావు!" అన్నాడు వాడు వీపు రుద్దుకుంటూ. తప్పు తనదని వాడికి ఎప్పుడూ తోచేది కాదు.

పైడిరాజుకి కంప్యూటరులో కారు పందేలంటే ప్రాణం. వాళ్ళ ముందుగదిలో బల్లకి బిగించిన స్టీరింగు ఒకటి ఉండేది. కింద చెక్క మీద రెండు పెడళ్ళు ఉండేవి. కుడిది వేగానికి, ఎడమది బ్రేకుకి. కుడికాలు ఒకదాని మీద, ఎడంకాలు ఒకదాని మీద పెట్టుకుని కూర్చుంటే తెర మీద కారు కదిలేది. బొమ్మలాటే కదా అని తీసిపారేయకండి. నిజం కారుకి ఏమేం జరుగుతాయో దానికీ అవన్నీ జరుగుతాయి. మలుపులో వేగం ఎక్కువైతే జారుతుంది. గోడకి కొడితే స్టీరింగు చేతుల్లో గింజుకుంటుంది. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్కరు తమ ఇళ్ళలోనే కూర్చుని, నెట్టు ద్వారా ఒకే దారి మీద పోటీ పడవచ్చు. ఒకే జట్టువాళ్ళకి ఒకరి గొంతు ఒకరికి చెవుల్లో వినిపిస్తుంది కూడా.

బొబ్బిలిలో తవిటినాయుడని ఒకడు ఉండేవాడు. ఈ ఆటలో ఆ చుట్టుపక్కల వాడిని మించినవాడు లేడు. వాడికి ఒక జట్టు ఉండేది. అందులో మూడు సీట్లు. మూడోవాడు ఉద్యోగమొచ్చి వెళ్ళిపోవడంతో ఆ సీటు ఖాళీ అయింది. దసరా పోటీ దగ్గర పడుతోంది. పైడిరాజు బతిమాలగా బతిమాలగా తవిటినాయుడు ఒక మాట అన్నాడు.

"పాములమెట్ట దారిలో ఒక చుట్టు రెండు నిమిషాల్లోపు తిరిగి చూపించరా. సీటు నీదే. కారు మీద నీ పేరు తెలుగులో రాయిస్తా."

కారు మీద తన పేరు! పైడిరాజుకి ఆ మాటతో కడుపు నిండిపోయింది. ఆ రోజు నుంచి వాడు ముందుగది వదల్లేదు. ఎంత తిరిగినా చుట్టు రెండు నిమిషాలు దాటిపోతూనే ఉండేది. ఆటలోని ఆ పాములమెట్ట దారిలో జడపిన్ను మలుపని ఒకటి ఉంది. జడపిన్నులాగే దారి వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. అక్కడికి రాగానే వాడి కారు దారి వదిలి గడ్డిలోకి పోయేది. వాడు పెడలు బిగుసుకుపోయిందన్నాడు. నెట్టు నత్తలా ఉందన్నాడు. చివరికి కుర్చీ ఎత్తు చాలదని కింద రెండు ఇటుకలు పెట్టాడు.

"పరుగెత్తాల్సింది కారు కదరా, కుర్చీ ఎందుకు?" అన్నాడు అన్న సింహాచలం, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

సింహాచలానికి ఆ ఏడే పెళ్ళయింది. భార్య గౌరీశ్వరిది సాలూరు. ఆమె ఒకనాడు వెనకాల మంచం మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మరిది ఆట చూస్తోంది. కారు ఆరోసారో ఏడోసారో గడ్డిలో దిగబడింది.

"ఏవయ్యా మరిదీ, ఆ కారుకి పూటపూటా మేత పెట్టాలా ఏటి?" అంది.

పైడిరాజుకి రోషం వచ్చింది. "చూసి చెప్పడం సులువే వదినా. కూర్చుంటే తెలుస్తాది."

"లే అయితే."

ఆమె చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. కొంగు నడుముకి దోపింది. కుర్చీ కింది ఇటుకలు కాలితో పక్కకి తోసింది. చుట్టు మొదలుపెట్టింది. కంగారు లేదు, కేక లేదు. జడపిన్ను మలుపులో కారు, పెరుగుకుండ నెత్తిన పెట్టుకున్న మనిషి తిరిగినట్టు తిరిగింది. చుట్టు పూర్తయ్యాక తెర మీద అంకె చూసి పైడిరాజు నోరు తెరిచాడు. రెండు నిమిషాలు కాలేదు.

"నీకిది ఎలా వచ్చు వదినా?"

"నాకిద్దరు తమ్ముళ్ళున్నారు కదా. ఓడిపోయినవాళ్ళు నీళ్ళు తోడాలని పందెం. నేను పెళ్ళయ్యేదాకా ఒక్క బిందె తోడలేదు."

"నేర్పు వదినా! ఆ మలుపులో కిటుకు ఒక్కటి చెప్పు చాలు."

"విను మరి" అని ఆమె మొదలుపెట్టింది. "మలుపుకి ముందు ఎర్రబోర్డు ఉంటాది చూడు. ఆ బోర్డు రాగానే గట్టిగా తొక్కు..."

సరిగ్గా అప్పుడే తవిటినాయుడి పిలుపు వచ్చింది. జట్టంతా సాధనకి దిగుతున్నారు, రమ్మన్నాడు. పైడిరాజు ఇయర్‌ఫోన్లు తీసి రెండు చెవులకీ బిగించేశాడు. "...ఎడంకాలితో" అన్న మాట గౌరీశ్వరి నోట్లోంచి వచ్చేసరికి వినేవాడు లేడు.

ఇప్పుడు వాడి బుర్ర ఎలా పనిచేసిందో చూడండి. తొక్కు అంటే వాడికి తెలిసింది ఒక్కటే. బస్సులో వెనక సీటువాళ్ళు తొక్కమని అరిస్తే డ్రైవరు ఏం చేస్తాడు? వేగం పెంచుతాడు. "ఓహో, అందరూ తగ్గించేచోట మనం పెంచాలన్నమాట. అదీ కిటుకు!" అనుకున్నాడు వాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

సాధన మొదలైంది. ముందు తవిటినాయుడు, వెనక పైడిరాజు. "బాగా వస్తున్నావురా, ఇలాగే రా. ఈ చుట్టు రెండు నిమిషాల్లోపు తిరిగితే ఇప్పుడే సీటు ఖాయం" అన్నాడు తవిటినాయుడు. ఎర్రబోర్డు వచ్చింది. తవిటినాయుడు బ్రేకు వేశాడు. పైడిరాజు ఉన్న బలమంతా కుడికాలిలోకి తెచ్చి తొక్కాడు. వాడి కారు వెళ్ళి నాయకుడి కారుని వెనకనుంచి ధడేలుమని గుద్దింది. రెండూ గాలిలోకి లేచాయి. పైడిరాజు కారు ఇసకలో కూరుకుపోయింది. తవిటినాయుడి కారు బొద్దింకలా వెల్లకిలా పడి చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోయింది.

చెవుల్లో ఉరుము ఉరిమింది. "ఒరే! అక్కడ తొక్కమని ఏ వెధవ చెప్పాడ్రా నీకు?"

"మా వదిన!" అన్నాడు పైడిరాజు.

గౌరీశ్వరి ఊరుకునే మనిషి కాదు. వాడి చెవుల్లోవి లాగి తన చెవికి పెట్టుకుని, వాటి మైకు నోటి దగ్గర పట్టుకుంది. "ఎడంకాలితో అన్నాను నాయుడుగారూ! వినకుండా చెవులు మూసుకున్నది ఈ మహానుభావుడు."

 అవతల పకపకా నవ్వు. "అమ్మా, మీకు ఈ ఆట వచ్చా?"

"వచ్చు."

"పాములమెట్ట చుట్టు ఎంతలో తిరుగుతారు?"

"రెండు నిమిషాలు పట్టదు."

"అయితే ఇంక వెతకడం ఎందుకు? మూడో సీటు మీదే తల్లీ!"

పైడిరాజు ఆ పూట అన్నం తినలేదు.  అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే చెప్పాడు. "తొక్కమంది, తొక్కాను. నా తప్పేటి?"

కథ ఇక్కడితో అయిపోలేదు. సగంలో లేచి వెళ్ళేవాళ్ళు వెళ్ళవచ్చు, కానీ తర్వాత నా దగ్గరికి వచ్చి ఏమైందని అడగకూడదు.

గౌరీశ్వరి పళ్ళెంలో అన్నం పెట్టి తెచ్చి మరిది ముందు పెట్టింది. "నీ మీద జాలిపడి అబద్ధం చెప్పను మరిదీ. ఆ సీటు నాకూ ఇష్టమే. నాకూ ఆడాలనే ఉంది. కానీ నేర్పమని అడిగినవాడి సీటు లాక్కుందన్న మాట నాకు వద్దు. పోటీ దాకా నీకు నేర్పుతాను. వస్తే నువ్వు కూర్చో. రాకపోతే నేను కూర్చుంటాను. నాయుడుగారు ఒప్పుకున్నారు."

"తొక్కు అన్నావు కదా వదినా..."

"తొక్కు అన్నది సగం మాటే. కుడికాలితో తొక్కితే పరుగు, ఎడంకాలితో తొక్కితే నిలుపు. కాలు చెప్తేనే మాట పూర్తయ్యేది. నువ్వు కాలు దాకా ఆగలేదు."

 పైడిరాజు పళ్ళెం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకున్నాడు.

"నాదొక షరతు" అంది గౌరీశ్వరి. "నేను చెప్పిందంతా మొదటి మాట నుంచి చివరి మాట దాకా నువ్వు తిరిగి నాకు అప్పజెప్పాలి. అప్పుడే స్టీరింగు ముట్టుకోవాలి."

"ఎక్కాలా అప్పజెప్పడానికి?"

"ఎక్కాలే అనుకో."

మర్నాడు పాఠం మొదలైంది. ఆమె "బోర్డు రాగానే..." అనేసరికే వాడి చేతులు స్టీరింగు మీదికి పోయాయి. ఆమె లేచి వెళ్ళి స్విచ్చి కట్టేసింది. తెర నల్లబడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ వాడి చేతులు పోయాయి. మళ్ళీ కట్టేసింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న సింహాచలం అది చూసి, "కరెంటు వాళ్ళు కూడా ఇన్నిసార్లు తియ్యరే!" అని వెళ్ళిపోయాడు. చివరికి పైడిరాజు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పు ఇప్పుడు."

"బోర్డు రాగానే ఎడంకాలితో గట్టిగా తొక్కాలి. ఒక్కసారిగా వదలకూడదు, మెల్లమెల్లగా వదులుతూ స్టీరింగు తిప్పాలి. చూపు కారు ముక్కు మీద కాదు, మలుపు అవతల ఉండాలి. లోపలి అంచుకి చక్రం తగిలీ తగలనట్టు పోవాలి. దారి తిన్నగా కనబడ్డాక కుడికాలితో తొక్కాలి."

"ఒకేసారి తొక్కెయ్యాలా?"

వాడు ఆలోచించాడు. "అది చెప్పలేదు వదినా."

"చెప్పలేదు కదా. మరి అడగవేం?"

వాడు అడిగాడు. కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు మొదలుపెట్టి, కారు తిన్నబడే కొద్దీ పెంచాలని ఆమె చెప్పింది. అదీ అప్పజెప్పాకే స్విచ్చి వేసింది.

మొదట్లో వాడి చుట్టుకి పట్టే సమయం ఇంకా పెరిగింది. వాడు లబోదిబోమన్నాడు. "చూశావా, ముందుకంటే నెమ్మదయ్యాను!"

"అవుతావు. పిండి రుబ్బకుండా అట్టు లేస్తాదా? గడ్డిలోకి పోలేదు కదా, అది చూసుకో."

నిజమే. కారు గడ్డిలోకి పోలేదు. పోకపోయేసరికి వాడికి దారి కనబడటం మొదలైంది. ఏ మలుపు ఎటు వాలుతుందో, ఎక్కడ చక్రం కొట్టుకుంటుందో తెలిసింది. అంతకు ముందు వాడు జడపిన్నులోకి ఉరికి, జారి, సర్దుకుని, ఈడ్చుకుంటూ బయటపడేవాడు. ఆ తర్వాత వచ్చే పొడుగుదారి అంతా ఆ ఈడుపే. ఇప్పుడు ముందే తగ్గి, తిన్నగా తిరిగి, బయటికి వస్తూనే వడిసెల్లోంచి రాయి వదిలినట్టు దూసుకుపోతున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం చుట్టు రెండు నిమిషాల్లోపు వచ్చేసింది. వాడు "వదినా!" అని ఎగిరాడు. చెవులకున్న తీగ లాగడంతో కీబోర్డు కింద పడింది. గౌరీశ్వరి వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చి, అంకె చూసి, ఆ గరిటెతోనే వాడి నెత్తి మీద మెల్లగా తట్టింది.

ఈ అలవాటు ముందుగది దాటి కూడా వెళ్ళింది. ఒకనాడు వాళ్ళమ్మ, "వంకాయలు పట్రా" అంది. వాడు గుమ్మంలో నిలబడి, "ఏ వంకాయలమ్మా? గుండ్రనివా, పొడుగువా? గుత్తివంకాయకా, పచ్చడికా?" అని అడిగాడు. ఆవిడ గబగబా వచ్చి జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూసింది.

దసరా పోటీ రానే వచ్చింది. చాలా ఊళ్ళ జట్లు పాములమెట్ట మీద దిగాయి. తవిటినాయుడు ముందే గట్టిగా చెప్పాడు. "ఒరే పైడీ, మీ వదిన మాట మీద నిన్ను తీసుకున్నాను. కారు మీద నీ పేరు ఇంకా రాయలేదు. ఇవాళ మళ్ళీ నన్ను గుద్దావో, పేరు రాసేది మీ వదినదే."

గౌరీశ్వరి వాడి వెనకాలే స్టూలు వేసుకుని కూర్చుంది. వాడు లేస్తే కూర్చోవడానికి కొంగు దోపుకునే ఉంది. అది చూసి పైడిరాజు కుర్చీ బల్ల దగ్గరికి ఇంకాస్త జరుపుకున్నాడు.

పోటీ బాగానే సాగింది. చివరి చుట్టుకి వచ్చేసరికి తవిటినాయుడు అందరికంటే ముందు ఉన్నాడు. పైడిరాజు ఐదో స్థానంలో ఉన్నాడు. వాడి వెనకే పార్వతీపురం కుర్రాడొకడు తోక పట్టుకున్నట్టు వస్తున్నాడు. దారి మెట్ట ఎక్కుతోంది. ఎక్కాక అవతల ఏముందో ఇవతలివాళ్ళకి కనబడదు. అక్కడ ఎవరూ వేగం తగ్గించరు. తగ్గిస్తే వెనకవాడు దాటేస్తాడు.

అంతలో చెవిలో తవిటినాయుడి కేక. "పైడీ, తొక్కు! తొక్కు!"

పాత పైడిరాజు అయితే ఏం చేసేవాడో మీకు తెలుసు. వాడి కుడికాలు ఆ పని మీద అప్పుడే బిగుసుకుంది కూడా. ముందు సందు కనబడుతోంది. వెనక శత్రువు ఉన్నాడు. నాయకుడు తొక్కమంటున్నాడు. ఇంకేం కావాలి? కానీ వాడికి ఆ మాట ముగియనట్టు తోచింది. వాడు కుడికాలు కొంచెం పైకి తీశాడు. తీస్తూనే అరిచాడు.

"ఏ కాలు, నాయుడన్నా?"

"ఎడంకాలురా! మెట్ట అవతల నా వెనక కార్లు అడ్డం తిరిగిపోయాయి!"

పైడిరాజు ఎడంకాలితో గట్టిగా తొక్కాడు. పార్వతీపురం కుర్రాడు "హొయ్" అంటూ వాణ్ణి దాటి మెట్ట మీదుగా ఎగిరిపోయాడు. మరుక్షణం అవతల ధన్, ధన్, ధన్ అని మూడు చప్పుళ్ళు వినిపించాయి. పైడిరాజు మెట్ట ఎక్కి చూస్తే దారి నిండా కార్లే. ముందు వెళ్తున్నవాళ్ళలో ఇద్దరు ఒకరినొకరు రాసుకుని అడ్డం తిరిగారు. వాళ్ళ వెనకవాడు వెళ్ళి వాళ్ళని కొట్టాడు. ఎగిరి వెళ్ళిన కుర్రాడు సరాసరి వాళ్ళ నడుమ దిగాడు. ఒకరి మీద ఒకరు, జాతరలో బొమ్మలకొట్టు కూలినట్టుంది. పైడిరాజు బ్రేకు మెల్లమెల్లగా వదులుతూ, చూపు అవతల పెట్టి, గోడకీ కార్లకీ మధ్యనున్న సందులోంచి జాగ్రత్తగా బయటపడ్డాడు. దారి తిన్నగా కనబడింది. అప్పుడు కుడికాలు, కోడిగుడ్డు మీద పెట్టినట్టు.

తవిటినాయుడు మొదట వచ్చాడు. రెండోవాడు ఎవరా అని అందరూ చూస్తే, పైడిరాజు! పోటీ అయ్యాక అందరి గొంతులూ కలిశాయి; సంగతి తెలిసి మిగతా జట్ల నాయకులది ఒకటే గోల. "అదేట్రా, అంత వేగంలో ఏ కాలని అడిగాడేటి?" అని విరగబడి నవ్వారు.

"నవ్వండి, నవ్వండి" అన్నాడు తవిటినాయుడు. "మీ కార్లు ఎక్కడున్నాయో చూసుకుని మరీ నవ్వండి." తర్వాత గొంతు తగ్గించి, "ఒరే పైడీ, తప్పు నాది కూడా. కంగారులో సగమే అరిచాను. మిగతా సగం నువ్వు అడిగి తెచ్చుకున్నావు. రెండో స్థానం వచ్చిందని కాదురా, అడిగావు చూడు, అందుకిస్తున్నాను సీటు" అన్నాడు.

ఆ సాయంత్రమే కారు తలుపు మీద తెలుగు అక్షరాల్లో 'పైడిరాజు' అని పేరు పడింది. వాడు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి ఇంటిల్లిపాదికీ చూపించాడు. వాళ్ళమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివింది.

గౌరీశ్వరి దోపుకున్న కొంగు తీసేసింది. మరిదిని చూసి ఒకపక్క సంతోషించింది. ఇంకోపక్క సీటు పోయిందని కాస్త మూతి ముడిచింది. అది దాచుకోలేదు కూడా. ఆ వారమే సాలూరు ఫోన్ చేసి తమ్ముళ్ళిద్దరినీ పట్టుకుని తనే ఒక జట్టు కట్టింది. ఆ తర్వాతి పోటీలో బొబ్బిలి జట్టుని చిత్తుగా ఓడించింది. ఆ రోజు పైడిరాజు ఇంటికి కావలసిన నీళ్ళన్నీ కిమ్మనకుండా తోడిపెట్టాడు.

నీతి: సగం మాట విని ఉరికేవాడు గోడకి కొట్టుకుంటాడు, ఒక్క క్షణం తగ్గి, మిగతా సగం అడిగి తెలుసుకున్నవాడే క్షేమంగా, వేగంగా గమ్యం చేరతాడు.